కోసిగి ఎండలో ఐఎల్-6ను కొలవాలంటే

కర్నూలు జిల్లా పడమటి అంచున, గుంతకల్లు నుంచి రాయచూరు పోయే రైలు మార్గం మీద, ఆదోనికీ మంత్రాలయానికీ నడుమ ఉంది కోసిగి. వానను నమ్ముకుని సేద్యం చేసే ప్రాంతం. పంట దక్కని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతాయి. ఊళ్లో మిగిలినవారికీ, వలస నుంచి తిరిగొచ్చినవారికీ ఎండాకాలంలో దొరికే పని చాలావరకు ఉపాధి హామీ కింద మట్టి తవ్వడమే. ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులవి. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. ఒకే గుంతలో, ఒకే ఎండలో పలుగూ పారా పట్టిన ఇద్దరిలో ఒకరు కళ్లు తిరిగి కాసేపు కూర్చుని, నీళ్లు తాగి తేరుకుంటారు. ఇంకొకరికి స్పృహ తప్పి, రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలూ కాలేయమూ దెబ్బతింటాయి. ఈ తేడా ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం శరీరంలో రగిలే ఇన్‌ఫ్లమేషన్‌లో ఉంది. ఆ ఇన్‌ఫ్లమేషన్‌ను మోసే సైటోకైన్లనే సంకేత ప్రొటీన్లలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6, క్లుప్తంగా ఐఎల్-6. ఈ ప్రశ్నను రాయలసీమ ఎండలో, ఇక్కడ పనిచేసే మనుషుల రక్తంలోనే వెతకాలి. అలా వెతకాలంటే ముందుగా తేల్చుకోవాల్సింది ఖరీదైన యంత్రం సంగతి కాదు, కొలతకు వాడే కొన్ని మైక్రోలీటర్ల యాంటీబాడీని ఎలా కాపాడుకోవాలన్న సంగతి. మనిషి ఒంట్లో ఐఎల్-6ను పెంచే ఎండే, దాన్ని కొలిచే సాధనాన్నీ చెడగొడుతుంది. పైగా అలా చెడిన సాధనం ఇచ్చే తప్పుడు ఫలితం, మనం ఆశిస్తున్న నిజమైన ఫలితంలాగే కనిపిస్తుంది. ఈ పరిశోధనలోని అసలు ప్రమాదం అక్కడే ఉంది.

వడదెబ్బ అంటే ఒళ్లు వేడెక్కడం మాత్రమే అనుకుంటే సగమే అర్థమవుతుంది. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, దాంతోపాటు మాట తడబడడం, అయోమయం, మూర్ఛ లాంటి మెదడు లక్షణాలు కనిపిస్తే వైద్యులు దాన్ని వడదెబ్బ అంటారు. వేడిని బయటికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. పేగులకు అందే రక్తం తగ్గుతుంది, పేగు గోడ బిగువు సడలుతుంది. లోపలి బ్యాక్టీరియాల పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం కొంత రక్తంలోకి జారుతుంది. దాన్ని పసిగట్టిన రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 లాంటి సైటోకైన్లను వదులుతాయి. హజ్ యాత్రలో వడదెబ్బ తగిలినవారిపై సౌదీ అరేబియాలో 1990ల్లో జరిగిన పరిశీలనల్లో వారి రక్తంలో ఈ సైటోకైన్లు పెరిగి ఉన్నట్టు తేలింది. అయితే ఐఎల్-6కు ఒకే ముఖం లేదు. 1986లో ఒసాకాలో తొషియో హిరానో, తదమిత్సు కిషిమోతో బృందం దీని జన్యువును పట్టుకున్నప్పుడు, అది బీ కణాల చేత యాంటీబాడీలు తయారు చేయించే అంశంగానే వారికి తెలుసు. కాలేయం చేత సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను తయారు చేయించేదీ, జ్వరం తెప్పించేవాటిలో ఒకటీ ఇదే. ఏ జబ్బూ లేకుండా ఒళ్లు వంచి కష్టపడినా కండరాల నుంచి ఐఎల్-6 వెలువడుతుంది. మారథాన్ పరుగు ముగించినవారి రక్తంలో అది ఎన్నో రెట్లు పెరిగి కనిపిస్తుంది. అంటే పొద్దుటి నుంచి మట్టి తవ్విన కూలీ రక్తంలో ఐఎల్-6 ఎక్కువగా ఉందంటే అది ఎండ వల్లనో, పని వల్లనో, లోపల దాగిన జబ్బు వల్లనో ఒక్క కొలతతో చెప్పలేం. అదే మనిషికి చలికాలంలో ఎంత, పనికి ముందు ఎంత, పని తరవాత ఎంత అన్నది తెలియాలి. చల్లటి దేశంలో కుర్చీలో కూర్చుని పనిచేసేవారి సగటును తెచ్చి కోసిగి కూలీ పక్కన పెడితే ఏమీ తేలదు.

ఇక కొలత విషయం. ఆరోగ్యవంతుడి రక్తంలో ఐఎల్-6 మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములు మాత్రమే. పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోటో వంతు. రక్తంలోని వేలాది ప్రొటీన్ల మధ్య ఇంత కొంచెంగా ఉన్నదాన్ని వేరుచేసి పట్టడం యాంటీబాడీ వల్ల సాధ్యమవుతోంది. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ యాంటీబాడీకి ఎంజైమును జోడించి రంగు ద్వారా కొలిచే ఎలైజా పద్ధతిని చెప్పారు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా ఇచ్చే కణాలను తయారు చేశారు. ఈ రెండూ కలిసి ఈనాటి సైటోకైన్ పరీక్షకు పునాది అయ్యాయి. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు అడుగున ఐఎల్-6ను పట్టే మొదటి యాంటీబాడీని పూస్తారు. ఖాళీగా మిగిలిన ప్లాస్టిక్‌కు మరేదీ అంటకుండా ఇంకో ప్రొటీన్‌తో కప్పుతారు. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, పోస్తే అందులోని ఐఎల్-6 ఆ యాంటీబాడీకి చిక్కుతుంది, మిగతాదంతా కడిగితే పోతుంది. తరవాత అదే ఐఎల్-6ను మరో చోట పట్టుకునే రెండో యాంటీబాడీని పోస్తారు. దానికి నేరుగానో, బయోటిన్ ద్వారానో ఒక ఎంజైము తగిలించి ఉంటుంది. చివర్లో పోసే ద్రవం ఆ ఎంజైము వల్ల నీలంగా మారుతుంది. ఆమ్లం చుక్క వేస్తే నీలం పసుపవుతుంది, పసుపు ఎంత చిక్కగా ఉందో యంత్రం చదువుతుంది. యంత్రం చూసేది రంగునే. ఆ రంగును పికోగ్రాముల్లోకి మార్చేది, పక్క గుంటల్లో తెలిసిన మోతాదుల్లో పోసిన ప్రామాణిక ఐఎల్-6. కాబట్టి కాగితం మీది అంకె వెనుక రెండు యాంటీబాడీలు, ఒక ఎంజైము, ఒక ప్రామాణిక ద్రావణం ఉన్నాయి. ఈ నాలుగూ ప్రొటీన్లే, నాలుగూ వేడికి లొంగేవే.

తెలుగునాట సామాన్యుల నోట ఐఎల్-6 పేరు బాగా వినిపించింది 2021లో, కోవిడ్ రెండో వేవ్‌లో. ఆసుపత్రి చీటీల మీద సీఆర్‌పీ, డీ-డైమర్, ఫెరిటిన్‌ల పక్కన అదీ చేరింది. ఆ ఏడాది జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కోవిడ్ పరీక్షలకు గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ ఐఎల్-6కు 1300 రూపాయలు పెట్టింది. ఐఎల్-6 గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు, అది కూడా యాంటీబాడీయే, దొరక్క జనం అల్లాడారు. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ కంపెనీ హెటిరో తయారు చేసిన దాని బయోసిమిలర్‌కు అత్యవసర అనుమతి వచ్చింది. కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లే రహదారి మీదున్న జడ్చర్లలో దాని ఉత్పత్తి. అయితే ఆ మందు పనిచేస్తుందని గట్టిగా చూపిన బ్రిటన్ రికవరీ ట్రయల్ రోగులను ఎంచుకున్నది ఐఎల్-6తో కాదు. ఆక్సిజన్ తగ్గి, సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్నవారిని తీసుకుంది. 4116 మంది పాల్గొన్న ఆ ట్రయల్‌లో 28 రోజుల్లో మరణాలు మామూలు చికిత్స పొందినవారిలో 35 శాతం, టోసిలిజుమాబ్ తీసుకున్నవారిలో 31 శాతం. మరో విషయం. టోసిలిజుమాబ్ ఎక్కించాక రక్తంలో ఐఎల్-6 అంకె తగ్గకపోగా పెరుగుతుంది. కణాల మీది గ్రాహకాలు మూసుకుపోవడంతో ఐఎల్-6ను రక్తం నుంచి తొలగించే దారి ఇరుకవుతుంది. ఇది తెలియక ఆ అంకెను చూసి రోగం ముదిరిందని భయపడే అవకాశం ఉంది. పరీక్ష ఫలితం ఎంతన్నది అందరూ అడిగిన ఆ రోజుల్లో, దాన్ని ఎలా కొలిచారన్నది అడిగినవారు తక్కువ. వడదెబ్బ పరిశోధనలో ఆ ప్రశ్నే ముందు రావాలి.

యాంటీబాడీ ఎందుకు చెడుతుందో చూస్తే దాన్ని దాచే పద్ధతులు వాటంతటవే అర్థమవుతాయి. పరిశోధన యాంటీబాడీ చాలాసార్లు నీరు తీసేసిన పొడిగా వస్తుంది. మూత అంచులకు అంటిన పొడి రాలిపోకుండా ముందు సీసాను ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, శుభ్రమైన బఫర్ పోసి, కుదపకుండా కరగనిస్తారు. పొడిగా ఉన్నప్పుడు దానికున్న ఓర్పు కరిగిన క్షణం నుంచి తగ్గిపోతుంది. పొడిగా ఫ్రీజర్‌లో ఏడాది నిలిచేది, కరిగాక 2 నుంచి 8 డిగ్రీల మధ్య నెల, ఫ్రీజర్‌లో ఆరు నెలలు అని చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది. గడ్డకట్టించడం కూడా నిరపాయమేమీ కాదు. నీరు ముందు మంచుగా విడిపోతుంటే మిగిలిన కొద్దిపాటి ద్రవంలో ఉప్పూ ప్రొటీనూ చిక్కబడతాయి. సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో ఒక లవణం ముందుగా పేరుకుని ఆమ్లత్వం పెరుగుతుంది. మంచు స్ఫటికాల అంచున ప్రొటీన్ మడతలు విప్పుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒకసారి జరిగితే నష్టం కొంచెమే. వాడిన ప్రతిసారీ కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే నష్టం పోగవుతుంది. అందుకే వచ్చిన రోజే ఒక్కో వాడకానికి సరిపడా చిన్న గొట్టాల్లో పంచి పెట్టుకోవాలి. మరీ తక్కువగా, పది మైక్రోలీటర్ల లోపు పంచితే ఆవిరయ్యేదీ గొట్టం గోడకు అంటేదీ కలిసి లెక్క తప్పుతుంది. సగం గ్లిజరాల్ కలిపితే మైనస్ 20 దగ్గర కూడా గడ్డకట్టదు, ఆ చిక్కే ఉండదు. ఇళ్లలో మనం మెచ్చుకునే ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రీజర్ ఈ పనికి తగదు. మంచు పేరుకోకుండా అది తనంతట తానే కాసేపు వేడెక్కుతూ ఉంటుంది. ఆ వేడెక్కిన ప్రతిసారీ లోపలి గొట్టాలకు తెలియకుండానే ఇంకో కరుగుదల మొదలవుతుంది.

ఇంతటితో అయిపోతే ఒకటే నియమం గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. అన్ని యాంటీబాడీలకూ ఒకే నియమం చెల్లదు. ఎంజైము తగిలించిన యాంటీబాడీనీ, ఫైకోఎరిత్రిన్ లాంటి రంగు ప్రొటీన్ తగిలించినదాన్నీ గడ్డకట్టించకూడదు. చల్లగా, చీకట్లో ఉంచాలి. బూజూ బ్యాక్టీరియా పట్టకుండా కలిపే సోడియం అజైడ్, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము పనిని ఆపేస్తుంది. మొదటి యాంటీబాడీని కాపాడేదే రెండోదాని రంగును చంపేస్తుందన్నమాట. అదే అజైడ్ జీవకణాలకు విషం. ఐఎల్-6 ప్రభావాన్ని అడ్డుకుంటే కణాల్లో ఏమవుతుందో చూసే ప్రయోగానికి అజైడ్ లేని యాంటీబాడీయే కావాలి. అందులో ఎండోటాక్సిన్ కూడా ఉండకూడదు. ఎండోటాక్సిన్ నలుసంత ఉన్నా కణాలు దానికే స్పందించి ఐఎల్-6ను వదులుతాయి. వడదెబ్బలో పేగు నుంచి జారేదీ అదే పదార్థం. రోగి రక్తం చేసిన పనో, మన సీసాలోని మురికి చేసిన పనో విడదీయలేని స్థితి వస్తుంది.

ఈ నియమాలన్నీ ఎయిర్ కండిషనర్ ఆగని గదిని మనసులో పెట్టుకుని రాసినవి. ఎలైజా కిట్‌తో వచ్చే పుస్తకంలో గది ఉష్ణోగ్రత దగ్గర రెండు గంటలు ఉంచమని ఉంటుంది. ఆ పుస్తకం రాసినవారి లెక్కలో గది అంటే 18 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం కోసిగిలో గది అంటే 36, 38. ఆ వేడికి ఎంజైము పని వేగం పెరిగి రంగు తొందరగా ముదురుతుంది. ప్లేటు అంచున ఉన్న గుంటలు మధ్యవాటికన్నా ముందు వేడెక్కుతాయి. ఒకే సీరాన్ని అంచు గుంటలోనూ మధ్య గుంటలోనూ పోస్తే రెండు వేర్వేరు అంకెలు రావచ్చు. తడిబట్ట కప్పినా, మూత పెట్టినా ఈ తేడా తగ్గుతుందేగానీ పోదు. ఎవరి నమూనా ఏ గుంటలో పడిందన్నది కూడా అప్పుడు ఫలితంలో భాగమైపోతుంది.

అసలు మోసం మాత్రం ప్రామాణిక ద్రావణంలో ఉంది. ఇక్కడ కాస్త నిదానించి చూడాలి. ఒక సీసాలో మిల్లీలీటరుకు 100 పికోగ్రాముల ఐఎల్-6 ఉందని రాసి ఉంది. నీళ్లంత పలచని ద్రావణం, అందులోని ప్రొటీన్ గోడకు అంటుకోవడానికీ వేడికి విడిపోవడానికీ సిద్ధంగా ఉంటుంది. ఏప్రిల్‌లో తెచ్చి, ఫ్రిజ్ ఆగిన రాత్రులను దాటుకుని జూన్‌కు వచ్చేసరికి యాంటీబాడీ గుర్తించగల ఐఎల్-6 అందులో 50 పికోగ్రాములే మిగిలిందనుకుందాం. చీటీ మీద మాత్రం 100 అనే ఉంది. ఆ గుంటలో వచ్చిన పలచని పసుపును మనం 100 అని నమోదు చేస్తాం. పక్క గుంటలో నిజంగా 50 పికోగ్రాములున్న కూలీ సీరం కూడా సరిగ్గా అంతే పసుపు ఇస్తుంది. యంత్రం దాన్నీ 100 అంటుంది. ఆదోని పత్తి మార్కెట్లో తూకం రాయి అరిగితే సరుకు బరువు ఎక్కువ చూపినట్టే ఇదీ. ఇప్పుడు పరిశోధకుడి చేతిలో ఏమున్నట్టు? ఏప్రిల్ కన్నా జూన్‌లో కూలీల ఐఎల్-6 రెట్టింపైందని చెప్పే చక్కటి గ్రాఫు. ఎండకు ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందన్న ఊహకు అది అచ్చంగా సరిపోతుంది. ఎవరూ అనుమానించరు. కానీ పెరిగింది కూలీ రక్తంలోని ఐఎల్-6 కాదు, తరిగింది సీసాలోనిది. చెడిన సాధనం మామూలుగా అర్థంపర్థం లేని ఫలితాలిచ్చి తనను తానే పట్టిస్తుంది. ఇక్కడ మాత్రం మనిషి మీద ఎండ ప్రభావమూ సీసా మీద ఎండ ప్రభావమూ ఒకే నెలల్లో, ఒకే దిశలో నడుస్తాయి. అందుకే ఈ ప్రాంతంలో, ఈ ప్రశ్న మీద, నిల్వ సంగతి పద్ధతుల పేరాలో ఒక వాక్యంతో ముగిసేది కాదు.

యాంటీబాడీ చెడితే ఆ ప్రభావం ప్రామాణిక గుంటల మీదా నమూనా గుంటల మీదా సమానంగా పడుతుంది కదా, కాబట్టి లెక్క తనంతట తానే సర్దుకుంటుంది కదా అని తెలిసినవారు అడగవచ్చు. కొంతవరకు నిజమే, ఎలైజా రూపకల్పనలోని బలం అది. యాంటీబాడీ పదును ఐదో వంతు తగ్గినా, ప్రామాణికం చెడకపోతే, మధ్యస్థాయి అంకెలు పెద్దగా మారవు. దెబ్బ తగిలేది అడుగున. బలహీనమైన యాంటీబాడీకి కొద్ది పికోగ్రాముల సంకేతం కనిపించదు, అంటుకుని ముద్దలైన యాంటీబాడీ అక్కడక్కడా ప్లాస్టిక్‌కే అతుక్కుని లేని రంగు చూపుతుంది. మూడు పికోగ్రాములకూ ఎనిమిదికీ తేడా చెరిగిపోతుంది. ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉన్న రోగిలో వందలూ వేలూ ఉన్నప్పుడు ఈ నష్టం పట్టదు. మనకు కావాల్సింది మాత్రం పనికి వెళ్లే ముందు ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఎంత ఉందన్నది. ఆ ఆధార రేఖ ఆ అడుగు అంకెల్లోనే ఉంటుంది.

ఇంకో అభ్యంతరం పల్లె అనుభవం నుంచి వస్తుంది, దానికి గౌరవంగా జవాబు చెప్పాలి. పాముకాటుకు ఇచ్చే మందు కూడా యాంటీబాడీయే. గుర్రాలకు నాగు, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజరల విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసినది. తెలంగాణలోని విన్స్ బయోప్రొడక్ట్స్ లాంటి సంస్థలు దాన్ని తయారు చేస్తున్నాయి. పొడి రూపంలోని ఆ మందు గది వేడిలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బీరువాల్లో నిలుస్తుంది, నీళ్లు కలిపి ఎక్కిస్తే ప్రాణం నిలబెడుతుంది. అది తట్టుకున్న ఎండను ఇది ఎందుకు తట్టుకోదు? పైగా మన ఒంట్లో ఐజీజీ యాంటీబాడీ 37 డిగ్రీల దగ్గర మూడు వారాల అర్ధాయువుతో బతుకుతుంది కదా? నిజమే, యాంటీబాడీ సుకుమారమైన అణువు కాదు. పోస్టులో రెండు రోజులు ఆలస్యమైన సీసాను చూసి పారేయనవసరం లేదు, చాలా సీసాలు బాగానే ఉంటాయి. కానీ పాముమందు పొడిగా ఉంటుంది, బోలెడంత ప్రొటీన్‌గా ఎక్కుతుంది. అందులో పదో వంతు బలం తగ్గినా వైద్యుడు రోగి లక్షణాలు చూసి ఇంకో మోతాదు ఇస్తాడు. ఒంట్లో తిరిగే ఐజీజీకి చుట్టూ లీటరుకు 60, 70 గ్రాముల ప్రొటీన్ తోడుంది, కణాలు దాన్ని మింగినా మళ్లీ బయటికి పంపే ఏర్పాటుంది, అరిగినదానికి బదులు కొత్తది తయారవుతూనే ఉంటుంది. పలచన చేసి ఒంటరిగా ప్లాస్టిక్ గొట్టంలో పెట్టిన యాంటీబాడీకి ఇవేవీ లేవు. పాముమందు నేర్పే పాఠం నిజానికి మనకు పనికొచ్చేదే. వీలైనంత కాలం పొడిగానే ఉంచాలి, కరిగించడాన్ని వాడే రోజుకు వాయిదా వేయాలి.

పేరున్న కంపెనీ సరుకు కొంటే సరిపోదా అన్న వాదన కూడా ఉంది. వైచారోస్ అనే అంతర్జాతీయ కార్యక్రమం 65 మానవ ప్రొటీన్లకు మార్కెట్లో ఉన్న 614 యాంటీబాడీలను, ఆ ప్రొటీన్ జన్యువు తీసేసిన కణాలతో పోల్చి పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించింది. లక్ష్యాన్ని అసలు గుర్తించని యాంటీబాడీతో అచ్చయిన పరిశోధన పత్రాలు సగటున ఒక్కో ప్రొటీన్‌కు పన్నెండు దాకా తేలాయి. జంతువు నుంచి తీసినవాటికన్నా, క్రమం తెలిసిన జన్యువుతో తయారైన రికాంబినెంట్ యాంటీబాడీలు మెరుగ్గా నిలిచాయి. కాబట్టి కొనేటప్పుడే ఎంపిక జాగ్రత్తగా చేయాలన్నది నిర్వివాదం. అయినా మంచి యాంటీబాడీ కంపెనీ గోదాములో మంచిదని రుజువైతే, ఆదోని దాటి వచ్చాక కూడా మంచిదేనని రుజువైనట్టు కాదు. టీకా సీసా మీద ఉండే చతురస్రం వేడి తగిలితే రంగు మారి ఏఎన్ఎమ్‌కు ఆ సంగతి చెబుతుంది. యాంటీబాడీ సీసా మీద అలాంటి గుర్తేదీ లేదు, చెడినదీ బాగున్నదీ ఒకేలా తేటగా ఉంటాయి.

ఇదంతా దేనికి, వడదెబ్బ తగిలినవాడికి ఐఎల్-6 అంకెతో ఒరిగేదేముంది అని అడిగేవారి మాట చాలా బరువైనది. తగిలిన నిమిషం నుంచి కావాల్సింది చల్లబరచడమే. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేసి, వీలైతే చల్లటి నీళ్లలో ఉంచి, ఆసుపత్రికి తరలించాలి. ఏ పరీక్ష కోసమూ ఇది ఆగకూడదు. ఇన్‌ఫ్లమేషన్ స్థాయి చూడాలనుకునే వైద్యుడికి చవకైన సీఆర్‌పీ చాలు. ఐఎల్-6 కొలత రోగి మంచం దగ్గరిది కాదు, ప్రభుత్వం తీసుకోవాల్సిన నిర్ణయాలకు సంబంధించినది. పనివేళలు ఉదయం ఎన్నింటికి ముగియాలి, ఎంతసేపటికోసారి నీడన విరామం ఉండాలి, ఎండకు అలవాటు పడేందుకు వలస నుంచి తిరిగొచ్చినవారికి మొదటి వారం పని ఎంత తగ్గించాలి అన్న ప్రశ్నలకు ఇప్పుడు అంచనాలతో జవాబిస్తున్నాం. విరామం పెట్టిన పనిచోటా పెట్టని పనిచోటా మనుషుల రక్తం ఏం చెబుతోందో పోల్చి చూస్తే అంచనా సాక్ష్యంగా మారుతుంది. సీఆర్‌పీ పెరగడానికి చాలా గంటలు పడుతుంది. ఐఎల్-6 గంటల్లోనే లేచి పడిపోతుంది, ఒక పూట పని మిగిల్చిన జాడ దానిలో కనిపిస్తుంది. తప్పుడు కొలతతో ఇలాంటి నియమం రాస్తే నష్టపోయేది కూలి దక్కని మనిషి.

మరి చేయాల్సిందేమిటి? చాలా అధ్యయనాలకు యాంటీబాడీని కోసిగి దాకా తేనవసరమే లేదు. రక్తం ప్రయాణిస్తే చాలు. అయితే తీసిన రక్తాన్ని అలాగే ఎండలో జీపులో పంపితే అందులోని కణాలు దారిపొడవునా పనిచేస్తూనే ఉంటాయి, దిగేసరికి ఐఎల్-6 మారి ఉండవచ్చు. ఊళ్లోనే గంట, రెండు గంటల్లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరాన్ని వేరుచేసి గడ్డకట్టించాలి. దానికి మైనస్ 80 ఫ్రీజర్, రోజంతా కరెంటు కావాలంటే కుదరదు. కానీ పల్లెలకు ఇంకో చల్లదనం ఎప్పుడో వచ్చింది. కృత్రిమ గర్భధారణ కోసం పశువైద్యశాలల్లో, గోపాలమిత్రల దగ్గర ఉండే ద్రవ నత్రజని క్యాన్లు మైనస్ 196 డిగ్రీల చలిని కరెంటు లేకుండానే రోజుల తరబడి నిలుపుతాయి. ఆ సరఫరా దారినే మనుషుల సీరానికి విడి క్యాను పెట్టుకుని వాడుకోవచ్చు. ఆరోగ్య కేంద్రంలోని టీకాల ఐస్‌లైన్డ్ ఫ్రిజ్‌లో మాత్రం వేరే వస్తువులు పెట్టకూడదన్న నియమం ఉంది, అది సరైన నియమం, దాన్ని మీరకూడదు. ఆ ఫ్రిజ్‌లను గమనించే ఈవిన్ ఏర్పాటు నుంచి తీసుకోవాల్సింది, ఎప్పటికప్పుడు ఉష్ణోగ్రతను తానే రాసుకునే చిన్న లాగర్. యాంటీబాడీ ఫ్రిజ్‌లోనూ అలాంటిది ఒకటి పెట్టి, ఆ రాత అంతా ఫలితాలతోపాటు అచ్చు వేయాలి.

కర్నూలు వైద్య కళాశాల లాంటి చోట ప్లేటు నడిపేటప్పుడు మాత్రం ఒక క్రమం తప్పనిసరి. జనవరి, ఏప్రిల్, జూన్ నమూనాలను ఆయా నెలల్లో విడివిడిగా పరీక్షించకూడదు. అన్నీ పోగయ్యాక ఒకే లాటు యాంటీబాడీతో, వీలైతే ఒకే వారంలో, ఒక మనిషి మూడు నమూనాలూ ఒకే ప్లేటు మీద పడేలా, ఏ గుంటలో ఏది ఉండాలో చీటీలు తీసి నడపాలి. అలా చేస్తే సాధనం ఎంతో కొంత చెడినా ఆ చెడు మూడు నెలల మీదా సమానంగా పడుతుంది, జూన్ ఒక్కదాన్నే పెంచి చూపదు. అధ్యయనం మొదటి రోజే కొందరి సీరాన్ని కలిపి, పంచి, నత్రజనిలో దాచి, ప్రతి ప్లేటు మీద ఒక గొట్టం చొప్పున నడపాలి. ఆ సీరం ప్రతిసారీ దాదాపు ఒకే అంకె చెప్పాలి. అది 20 నుంచి 40కి ఎగబాకిందంటే చెడింది ప్రామాణికమని తెలిసిపోతుంది, ఆ ప్లేటు ఫలితాన్ని పక్కన పెట్టాలి. కిట్ ప్రామాణికాన్ని బ్రిటన్ జీవ ప్రమాణాల సంస్థ దగ్గర దొరికే ఐఎల్-6 అంతర్జాతీయ ప్రమాణంతో ఒకసారైనా సరిచూసుకుంటే, ఇక్కడి అంకెను మరో దేశపు అంకె పక్కన నిలబెట్టి మాట్లాడవచ్చు. ఈ పనులకయ్యే ఖర్చు కిట్ ఖర్చుతో పోలిస్తే చిన్నదే. కానీ పరిశోధన ప్రతిపాదనల్లో కిట్‌కు ఒక వరస ఉంటుంది, యంత్రానికి ఒక వరస ఉంటుంది, లాగర్‌కూ నత్రజని నింపడానికీ ఆ రిజిస్టరు రాసే టెక్నీషియన్ జీతానికీ వరస ఉండదు. రాయలసీమ వడదెబ్బ మీద డబ్బు పెట్టే ఏ సంస్థైనా ప్రతిపాదన చేతికి రాగానే ముందుగా ఆ మూడు వరసలు ఉన్నాయో లేదో చూడాలి. అవి లేని ప్రతిపాదనను తిప్పి పంపాలి.